తోక దొరకనియ్యకు

ఆదివారం పొద్దున తొమ్మిది గాకముందే మా గల్లీ పిల్లలు నలుగురు మా గడపల నిలబడ్తరు. "తాతా, రాత్రి నేను మూడుసార్లు సచ్చిన" అని ఒకడంటడు. "నేను లేవంగనే సచ్చిన" అని ఇంకొకడు. ఒకసారి మా పక్కింటి వదినె ఈ మాట విని చేతిలో చీపురు పడేసి ఉరికొచ్చింది. ఏం లేదు వదినె, కంప్యూటర్ల సచ్చిన్రు అని చెప్పిన. అప్పుడు ఆమె నన్ను చూసిన చూపు ఇంకా మర్సిపోలే.

ఈ ఆటను ఫ్లైట్ సిమ్యులేటర్ అంటరు. మొబైల్లో ఆడే ఢాం ఢాం ఆటల లెక్క ఉండదు. ఇందులో విమానానికి బరువుంటది, ఇంజనుకు వేడి ఎక్కుతది, రెక్కల మీద గాలి సరిగ్గా పారకుంటే విమానం కింద పడ్తది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు, వాటి కొలతలు, వాటి రోగాలు లెక్కగట్టి లోపల పెట్టిన్రు. ఆకాశంలో ఇద్దరు ఒకని వెనక ఒకడు పడి కొట్లాడేదాన్ని ఇంగ్లీషోళ్లు డాగ్‌ఫైట్ అన్నరు, అంటే కుక్కల కొట్లాట. పేరు పెట్టినోడెవరో గానీ బరాబర్ పెట్టిండు. మన గల్లీ మూలమీద రెండు కుక్కలు ఒకదాని తోక ఒకటి అందుకోవాలని గుండ్రంగ తిరుగుతయి చూడుండ్రి, ఇదీ అదే.

నేను నాలుగో తరగతి దాకా చదివిన. పందొమ్మిది ఏండ్లు మిల్లుల, మిల్లు మూతబడ్డంక పద్దెనిమిది ఏండ్లు కారఖానాల సాంచెల మీద పనిచేసిన. ఎడమ చెవి ఆ సప్పుడుకే పోయింది. ఇసొంటోడు విమానాల గురించి రాసుడేంది అని నవ్వేటోళ్లు నవ్వుండ్రి. ఎట్లొచ్చిందో చెప్త.

రెండేండ్ల కింద మా మన్మడు పదకొండోది చదువుతుండె. బడి నుంచి వచ్చుడు, లోపలి ఖోలిల కూసునుడు, తలుపు పెట్టుకునుడు. ఊరికే దొరుకుతది అని ఒక ఆట పెట్టుకున్నడు. ఒకరోజు వాళ్ల నాయన ఫోన్ల బ్యాంకు మెసేజి వచ్చింది, 1,799 రూపాయలు పోయినయని. వీడు ఆటలో ఒక విమానం కొన్నడు. మా కొడుకు టవల్ కారఖానాల పీసు లెక్కన పనిచేస్తడు. అది మూడు రోజుల కూలికన్న ఎక్కువ. వాడు కంప్యూటరు ఎత్తి గ్యాలరీ మీదికెంచి కిందికి ఇసిరేయబోయిండు. నేను చెయ్యి పట్టుకున్న. ఎనిమిది రోజులు నాకియ్యి, ఇదేందో నేను చూస్త, అటెన్క నీ ఇష్టం అన్న. కోడలు ఏడుస్తున్నది, పిలగాడు గోడ దిక్కు తిరిగి కూసున్నడు. ఆ రాత్రి మా ఇంట్ల ఎవ్వరూ తినలే.

రెండు రోజులు వాడు నాతోని మాట్లాడలే. మూడోరోజు నేను వాని పక్కన స్టూలు ఏసుకొని కూసున్న. వాడు ఆడుతున్నడు, నేను చూస్తున్న. గంటల తొమ్మిదిసార్లు సచ్చిండు. "ఎందుకు సచ్చినవ్ రా?" అంటే "విమానం మంచిది కాదు తాతా, వాళ్ల దగ్గర పైసలు పెట్టి కొన్నయి ఉన్నయి" అన్నడు. అప్పుడు నాకు అర్థమయింది. మిల్లుల కొత్తగా వచ్చినోడు పోగు తెగినప్పుడల్లా సాంచె మంచిది కాదంటడు. జాబర్ వచ్చి అదే సాంచె మీద చెయ్యి పెడ్తే పొద్దుందాక తెగకుంట నడుస్తది. తొమ్మిదిసార్లూ వాడు ఒక్క తీరుగనే సచ్చిండు, వెనకకెంచి వచ్చినోని చేతిల. వాన్ని చంపినోడు ఎవడో వీడు ఒక్కసారి కూడా చూడలే.

అందుకని ముందుగాల అమ్మలకు, నాయనలకు ఒక మాట. పిల్లగాడు ఆటలో పైసలు పెడ్తున్నడంటే సగం కారణం వానికి ఆట రాకపోవుడే. వస్తే పెట్టడు. ఫోనుకున్న బ్యాంకు లెక్క ఆటకు కలపకుండ్రి. మా వాన్ని ఆ ఆట మానిపించి ఐఎల్-2 స్టుర్మోవిక్ అనేదాంట్లకు తెచ్చిన. 2001ల మొదలు వచ్చిన పాత ఆట ఇది. రష్యావాళ్లు ముప్పైఆరు వేలకు పైన తయారుచేసిన ఒక యుద్ధ విమానం పేరు దీనికి పెట్టిన్రు. తర్వాత 1946 అనే పేరుతోని అన్నీ కలిపి ఒక్కటి చేసిన్రు. అది పాత కంప్యూటరు మీద కూడా నడుస్తది, విమానాలన్నీ అందులనే ఉన్నయి, మధ్యల కొనేదేం లేదు. జాయ్‌స్టిక్ సెకండ్ హ్యాండ్ దొరికితే తీసుకోండ్రి. పట్టుకొని పక్కకు తిప్పితే తోకకున్న రడ్డరు తిరిగేది అయితే మంచిది, కాళ్లతోని తొక్కే సామాను వేరే కొనే పని తప్పుతది.

ఇగ పిల్లలకు. మొదటి పదిహేను రోజులు ఎవ్వరితోని కొట్లాడకు. లేసుడు, తిన్నగ పోవుడు, మలుగుడు, దిగుడు. కొట్లాట కన్న దిగుడే కష్టం. ఆ రోజుల్లనే విమానాన్ని కావాలని పడగొట్టు, మళ్లా లేపు. ఎట్లంటే, ముక్కు మరీ పైకెత్తితే రెక్కల మీద గాలి పట్టు వదులుతది. దీన్ని స్టాల్ అంటరు. రెండు రెక్కలల్ల ఒకటి ముందు వదిలిందనుకో, బొంగరం లెక్క తిరుగుకుంట కిందికొస్తది. దీన్ని స్పిన్ అంటరు. అప్పుడు పిల్లలందరు చేసేది ఒక్కటే, భయపడి స్టిక్కు ఇంకా గట్టిగ గుంజుతరు. గుంజినకొద్ది తిరుగుతది. చెయ్యాల్సింది ఇది. ఇంజను తగ్గించు. స్టిక్కు పక్కలకు కొట్టకు, నడిమిట్ల పెట్టు. ఎటు తిరుగుతున్నదో దానికి ఎదురు దిక్కుకు రడ్డరు పూర్తిగ పెట్టు. స్టిక్కు ముందుకు నూకు. తిరుగుడు ఆగంగనే రడ్డరు నడిమికి తెచ్చి, వేగం పట్టినంక మెల్లగ పైకి లేపు. దీనికి ఎత్తు కావాలె. భూమికి దగ్గరగ స్పిన్‌ల పడ్డోనికి మందు లేదు.

ఎత్తు అన్న గనుక దాని సంగతే చెప్త, ఎందుకంటే మొత్తం ఆట దాని మీదనే ఉంది. నేను పిల్లలకు పగారు లెక్కల చెప్త. ఎత్తు అంటే పెట్టెల దాసిన పైసలు. వేగం అంటే జేబుల ఉన్న పైసలు. కిందికి దిగితే దాసినయి జేబులకొస్తయి, పైకెక్కితే జేబులయి పెట్టెలకు పోతయి. గట్టిగ మలిగినప్పుడల్లా ఖర్చు. ఇంజను ఇచ్చేది రోజు కూలి, అది నిదానంగ వస్తది. ఖర్చు మాత్రం క్షణంల అయితది. ఇద్దరు ఎదురుపడ్డప్పుడు పైన ఉన్నోడు కొట్లాడాల్నా వద్దా అని ఆలోచించుకోవచ్చు. కింద ఉన్నోనికి ఆ అవకాశం లేదు, ఉచల్ తీసుకొని పని మొదలుపెట్టినోని లెక్క ముందే ఇరుక్కున్నడు.

అందుకే కొత్తోళ్లు గద్ద లెక్క ఆడాలె. గద్ద కోడిపిల్లతోని ముంగిట్ల కొట్లాడదు. పైకెంచి వచ్చి, దొరికితే ఎత్తుకపోతది, దొరకకపోతే అదే ఊపుల మళ్లా పైకి పోతది. నువ్వు కూడా శత్రువు కన్న వెయ్యి మీటర్లు పైన ఉండు. దిగు, ఒక్కసారి కాల్చు, తగిలినా తగలకున్నా ఆ వేగంతోనే దూరం పోయి ఎక్కు. అక్కడ ఆగి వాని వెంట మలిగినవంటే నువ్వు తెచ్చిన పైసలన్ని వాని ముంగట గుమ్మరించినట్టు. ఒక్క జాగ్రత్త, మరీ వేగంగ దిగితే స్టిక్కు రాయి లెక్క గట్టిపడ్తది, కొన్ని విమానాలకు రెక్కలే ఊడుతయి.

తర్వాత సంగతి చూపు. ఈ కొట్లాటకు మొదలు సూత్రాలు రాసిపెట్టినోడు ఓస్వాల్డ్ బోల్కె అనే జర్మనీ పిలగాడు, 1916ల. అవి ఎనిమిది. సూర్యున్ని నీ వీపు వెనక పెట్టుకో, దగ్గరికి పోయినంకనే కాల్చు, శత్రువు మీదికెంచి చూపు తియ్యకు, వెనకకెంచి కొట్టు, వాడు నీ మీదికి దిగితే పారిపోకుంట వానికే ఎదురు మలుగు, ఇసొంటియి. నూరేండ్లు దాటినా ఈ ఆటలో ఒక్కటి కూడా తప్పుగాలే. రెడ్ బారన్ అని పేరు పడ్డ రిక్టోఫెన్ ఈయన శిష్యుడే. నలభై విమానాలు కూల్చిన బోల్కె ఎట్ల పోయిండంటే, శత్రువు గుండుకు కాదు. 1916 అక్టోబర్ 28న ఇద్దరు ఒక్క శత్రువునే తరుముతుంటే సొంత మనిషి విమానం చక్రం ఆయన రెక్కకు తగిలింది. వయసు 25.

నేను మిల్లుల నాలుగు సాంచెలు ఒక్కన్నే చూసేటోన్ని. చెవి పని చెయ్యకపోయేసరికి, ఏ సాంచెకు కండె అయిపోతున్నది, ఏదాంట్ల పోగు తెగింది అని మెడ తిప్పుకుంటనే ఉంటుంటి. ఒక్కదాని మీద చూపు పెట్టి నిలబడ్డవంటే మిగతా మూడింటిల గుడ్డ పాడైతది, పగారు కోస్తరు. ఆ అలవాటు ఇక్కడ పనికొచ్చింది. పిల్లలు ముంగట ఉన్న గుడిసంత తెర దిక్కే చూస్తరు. జాయ్‌స్టిక్ మీద బొటనవేలు కింద చిన్న గుబ్బ ఉంటది, దానితోని చుట్టూ చూడొచ్చు. ఎడమ, వెనక, కుడి, పైన, మళ్లా ఎడమ. పది సెకన్లకొకసారి ఒక్క తిరుగుడు. వెనక తోక కింద కనబడని జాగ ఒకటి ఉంటది, దాని కోసం విమానాన్ని కొంచెం పక్కకు వాల్చి చూడాలె. సచ్చినోళ్లల్ల ఎక్కువమంది చంపినోన్ని చూడకనే సచ్చిన్రని నిజం యుద్ధాలల్ల నడిపినోళ్లే చెప్పిన్రు.

నీ విమానం నీకు తెలవాలె, వానిది కూడా తెలవాలె. దీనికి ఒక ముచ్చట చెప్త, నాకు బాగా నచ్చిన ముచ్చట. 1940ల ఇంగ్లండోళ్ల స్పిట్‌ఫైర్‌కు, జర్మనోళ్ల మెసర్‌ష్మిట్ 109కు కొట్లాట. స్పిట్‌ఫైర్ మంచిగ మలుగుతది. కానీ దాని ఇంజనుకు కార్బొరేటర్ ఉండె. ముక్కు ఒక్కసారే కిందికి నూకితే పెట్రోలు పైకి ఎగిరి ఇంజను దగ్గుతది. జర్మనోనికి ఆ బాధ లేదు, వాని ఇంజనుల పెట్రోలు పిచికారి లెక్క నేరుగ పోతది. తోక మీద స్పిట్‌ఫైర్ పడంగనే వాడు ముక్కు కిందికి నూకి జారుకునేటోడు. దీనికి మందు కనిపెట్టింది బియాట్రిస్ షిల్లింగ్ అనే ఆడమనిషి, ఇంజనీరు. పెట్రోలు ఎక్కువ తక్కువ కాకుంట నడిమిట్ల బొక్క ఉన్న చిన్న బిళ్ల ఒకటి చేసింది. 1941ల విమానాలకు పెట్టిన్రు. రోగం పూర్తిగ పోలే గానీ పని నడిచింది. అణా బిళ్లంత సామాను! మిల్లుల వైండింగ్ ఖాతాల మా వాళ్లు సైకిలు ట్యూబు ముక్కతోని మిషన్లు నడిపిచ్చిన రోజులు గుర్తుకొచ్చినయి నాకు. ఆటలో కూడా కొన్ని పాత విమానాలకు ఈ దగ్గు ఉంటది. అట్లాంటిదాన్ని కిందికి దించాలంటే ముందు బోర్లా తిప్పి, అప్పుడు స్టిక్కు గుంజుకోవాలె.

కాల్చుడు గురించి పిల్లలకు తొందర ఎక్కువ. మొదటి స్పిట్‌ఫైర్‌కు ఎనిమిది తుపాకులు, ఒక్కోదానికి 300 గుండ్లు. మొత్తం నొక్కి పట్టుకుంటే పదిహేను సెకన్లు, పదహారు సెకన్లు, అంతే. మావోడు దూరం కెంచే నొక్కి పట్టుకునేటోడు, దగ్గరికి పోయేవరకు ఖాళీ. రెక్కలకున్న తుపాకులు ముంగట ఒక్క జాగల కలిసేటట్టు బిగిస్తరు. 1940ల అది 250 గజాలకు తెచ్చుకున్నరు. అంటే అంత దగ్గరికి పోతేనే అన్ని గుండ్లు ఒక్క చోట పడ్తయి. శత్రువు రెక్కలు నీ తెరల నిండా కనబడ్తే అప్పుడు ఒక్క సెకను నొక్కు, వదులు, చూడు. వాడు మలుగుతున్నప్పుడు వాని మీద కాల్చకు, వాని ముంగట కాల్చు. నడుస్తున్న సిటీ బస్సు ఎక్కెటోడు బస్సు ఉన్న జాగకు ఉరకడు కదా, అది వచ్చే జాగకు ఉరుకుతడు.

తోక మీద వాడు పడ్డడనుకో. తిన్నగ పోకు, తిన్నగ పైకెక్కకు. ఈ రెండింటికి సావే. వాడు ఇంకా కొంచెం దూరం ఉన్నప్పుడే వాని దిక్కే గట్టిగ మలుగు. వాడు వేగంగ వచ్చినోడైతే నీ అంత మలగలేక ముంగటికి జారిపోతడు, అప్పుడు వాని తోక నీకు. అయితే మరీ గట్టిగ గుంజితే కండ్లకు చీకట్లొస్తయి, రక్తం తలకెంచి కాళ్లకు దిగుతది గనుక. ఆటలో కూడా తెర నల్లబడ్తది. అది చూసి మా అవ్వ ఉంటే దిష్టి తీసేది.

ఇగ నేను ఈ వ్యాసం రాయాలనుకున్నదే ఈ ముచ్చట కోసం. జపానోళ్ల జీరో విమానం తేలికది. బరువు తగ్గాలని నడిపేటోని వెనక ఇనుప పలక కూడా పెట్టలే. అది మలిగినట్టు ఇంకోటి మలగకపోయేది. అమెరికావోళ్ల వైల్డ్‌క్యాట్ బండ లెక్క బరువు, ఎక్కుడుల కూడా దాని ముంగట ఓడేది. ఒక్కనికొక్కడు కొట్లాడితే అమెరికావోడు పోవుడే. 1941ల జాన్ థాచ్ అనే అమెరికా నౌకాదళం ఆఫీసరు రాత్రిళ్లు ఇంట్ల బల్ల మీద అగ్గిపుల్లలు పరిచి, అటు జరిపి ఇటు జరిపి ఆలోచించిండు. దొరికిన ఉపాయానికి పేరు థాచ్ వీవ్. వీవ్ అంటే నేత! మా మన్మడు ఈ పేరు చదివి అర్థం చెప్పినప్పుడు నేను స్టూలు మీదికెంచి లేసి నిలబడ్డ.

నేత ఎట్లంటే, ఇద్దరు పక్కపక్కన కొంచెం ఎడంగ పోతరు. ఎడమోడు కుడోని వెనక చూస్తడు, కుడోడు ఎడమోని వెనక చూస్తడు. ఎవ్వడు తన వెనక తాను చూసుకోడు. శత్రువు ఒకని తోక మీద పడ్డడు. వెంటనే ఇద్దరు ఒకరి దిక్కు ఒకరు మలుగుతరు. పడుగు దారాలు రెండు కిందిమీద అయినట్టు ఒకని తొవ్వ ఒకడు దాటుతరు. శత్రువు పట్టు వదలకుంట వెంట వస్తే, రెండోవాని తుపాకి ముంగటికి తానే వస్తడు. వదిలి పోతే తోక ఖాళీ. ఇద్దరు దాటి, మళ్లా ఎదురు మలిగి మళ్లా దాటుతరు. పైకెంచి చూస్తే నేత నేసినట్టే ఉంటది. 1942 జూన్‌ల మిడ్‌వే దగ్గర థాచ్ దీన్ని మొదటిసారి నిజం కొట్లాటల వాడిండు. తక్కువ విమానం పట్టుకొని ఎక్కువ విమానం ముంగట నిలబడ్డరు.

మేము కూడా నేసినం. పక్క ఖోలి పిలగాడు వాళ్ల అన్న పాత ల్యాప్‌టాప్ తెచ్చిండు, రెండింటికి వైరు కలిపిన్రు. నేను ఒక వైల్డ్‌క్యాట్, మన్మడు ఒక వైల్డ్‌క్యాట్, ఎదురుగ కంప్యూటరు నడిపే నాలుగు జీరోలు. మొదటి ఆరుసార్లు ఇద్దరం సచ్చినం. ఎందుకంటే "తాతా, మలుగు!" అని వాడు మొత్తుకుంటడు, నాకు ఇనబడది. వాడు నా ఎడమ దిక్కు కూసున్నడు. ఏడోసారి వాడే లేసి కుర్చీ తెచ్చి కుడి దిక్కు ఏసుకున్నడు. ఆ ఆటల రెండు జీరోలు కూల్చినం, ఒకటి నాది. వెనక్కి చూస్తే మా కొడుకు డ్యూటీ కెంచి వచ్చి, టిఫిన్ డబ్బా చేతిలనే పట్టుకొని తలుపు దగ్గర నిలబడి చూస్తున్నడు. "ఆ మూడోడు బాపు, పైన ఉన్నడు, వాన్ని మర్సిపోయిన్రు" అన్నడు. నిజమే, వాడే మమ్మల్ని చంపిండు. ఆ 1,799 రూపాయలు పిలగాడు దీపావళి సెలవుల్ల టవల్ ప్యాకింగ్‌కు పోయి తెచ్చి వాళ్ల నాయన చేతిల పెట్టిండు.

"మనోళ్లు ఉన్నరా తాతా ఇందులో?" అని పిల్లలు అడుగుతరు. ఉన్నడు. ఇంద్రలాల్ రాయ్, కలకత్తా పిలగాడు. మొదటి ప్రపంచ యుద్ధంల ఇంగ్లండోళ్ల విమాన దళంల చేరబోతే కండ్లు బాగలేవని వద్దన్నరు. మోటర్ సైకిలు అమ్మి పెద్ద డాక్టరుకు చూపిచ్చుకొని మళ్లా పోయిండు. 1918 జూలైల పదమూడు రోజుల్ల పది విమానాల లెక్క ఆయన పేరు మీద పడ్డది. జూలై 22న కూలిపోయిండు. ఇంకా ఇరవై నిండలే. ఫ్రాన్స్‌ల సమాధి ఉంది, దాని మీద బెంగాలీ అక్షరాలు కూడా ఉన్నయి. ఇది చెప్పినప్పుడు నలుగురు పిల్లలు కొద్దిసేపు ఏం మాట్లాడరు. అటెన్క ఒకడు మళ్లా మొదలుపెట్టే బటన్ నొక్కుతడు.

ఫిబ్రవరిల మా వాని పన్నెండో పరీక్ష. అప్పటిదాకా జాయ్‌స్టిక్ నా ట్రంకుపెట్టెల ఉంటదని వాడే ఒప్పుకున్నడు. తాళంచెవి నా మొలతాడుకుంది. మధ్యాహ్నం వాడు కాలేజీకి పోయినంక నేను మాత్రం తీసి ఒక్క గంట దిగుడు నేర్చుకుంటున్న. నిన్న కూడా ఎడమ చక్రం విరిగింది.